దారి చూపేవాడు లేని చేపల వేట

పులస పేరు చెప్పగానే గోదావరి జిల్లాల వారి ముఖం ఎలా వికసిస్తుందో నేను వర్ణించనక్కరలేదు. సముద్రంలో తిరిగే చేప, వరద నీరు ఎర్రబడగానే నదీముఖంలో ప్రవేశించి, ఏటికి ఎదురీదుతూ గుడ్లు పెట్టటానికి పైకి వస్తుంది. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే నేటి ప్రసంగ విషయం సగం అర్థమైనట్లే. పులస వలెనే సముద్రం విడిచి నదికి ఎదురీదే చేప ఉత్తర అమెరికా ఖండపు వాయవ్య మూలన, అలాస్కా రాష్ట్రంలో ఉన్నది. దాని పేరు సాల్మన్. ఆ చేప గుడ్ల కోసం దాని వెనుక మరొక చేప వస్తుంది. ఆ రెంటి కోసం ఎలుగుబంటి వస్తుంది. గాలం పట్టుకున్న మనిషి అందరికన్న చివర వస్తాడు. తన స్థానం చివరిదని ఆ మనిషి ముందుగా గ్రహించుకుంటే యాత్ర సుఖంగా సాగుతుంది.

సియాటిల్ నగరంలో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు ఒక దసరానాడు టెలిఫోను చేసి, "మామయ్యా, వచ్చే ఏడు సెప్టెంబరులో సెలవు పెట్టగలరా? అలాస్కా అడవిలో చేపల వేటకు పోదాము. గైడు వద్దు, మనమిద్దరమే" అన్నాడు. చిన్ననాట కాలువగట్టున వెదురు కర్రకు గాలం కట్టి, వానపామును గుచ్చి, బెండు మునిగేదాకా గొంతుక్కూర్చున్నవాడిని నేను. ఆ అనుభవం చాలునని సరే అన్నాను. అది ఏ మూలకూ చాలదని తరువాతి పదకొండు మాసాలలో తెలిసివచ్చింది.

అలాస్కాలో చేపల వేటకు గైడును పెట్టుకొనే ఆచారం విస్తారంగా ఉన్నది. ఏ వారం రావలెనో, నదిలో ఏ మలుపున నిలబడవలెనో, ఏ ఎర కట్టవలెనో అతడే చెబుతాడు. మనము నీటి వంక చూస్తుండగా అతడు మన వెనుకనున్న పొదల వంక చూస్తుంటాడు. మబ్బు పట్టితే ఇక చాలు పదండి అని చెప్పేవాడు కూడా అతడే. ఇందుకు అతడు తీసుకొనే రుసుము మధ్యతరగతి వారికి భారమే. చట్టం మాత్రం నిర్బంధించదు. గోధుమరంగు ఎలుగును వేటాడదలచిన పరరాష్ట్రీయులకు గైడు ఉండి తీరవలెనని అక్కడి చట్టం. చేపలు పట్టేవారికి ఆ నిబంధన లేదు. అయితే గైడును వద్దనుకున్నంత మాత్రాన అతని పని తప్పిపోదు. అదంతా మన నెత్తిన పడుతుంది. అందులో అధిక భాగం నెలల ముందు, ఇంట్లో, బల్ల ముందు కూర్చుని చేయవలసిన పని.

మేము ఎంచుకున్న చోటు కట్మాయి జాతీయవనంలోని బ్రూక్స్ శిబిరం. 1912 జూన్‌లో అక్కడ నోవారుప్తా అనే అగ్నిపర్వతం బద్దలైంది. ఇరవయ్యవ శతాబ్దిలో భూమి మీద జరిగిన అగ్నిపర్వత విస్ఫోటనాలలో అదే అతి పెద్దదని శాస్త్రజ్ఞుల నిర్ణయం. దాని చుట్టుపట్ల ప్రదేశాన్ని 1918లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 1980లో అది జాతీయవనమైంది. విస్తీర్ణం 40 లక్షల ఎకరాలకు పైమాటే. ఆ వనంలో సుమారు 2,200 గోధుమరంగు ఎలుగులు ఉన్నట్లు అంచనా. 1950లో చేపల వేటగాళ్ళ కోసమే ఏర్పడిన విడిది బ్రూక్స్ శిబిరం. రెండు సరస్సులను కలిపే బ్రూక్స్ నది దాని పక్కనే పారుతుంది. నది అంటే గోదావరిని ఊహించుకోవద్దు. దాని మొత్తం పొడవు సుమారు రెండున్నర కిలోమీటర్లు. మధ్యలో ఆరడుగుల జలపాతం. సాల్మన్ చేపలు ఆ జలపాతం మీదికి ఎగురుతుంటే ఎలుగులు పైన నిలబడి నోటితో అందుకొనే ఛాయాచిత్రాలు మీలో చాలామంది చూసే ఉంటారు.

ఈ శిబిరానికి రోడ్డు లేదు. అలాస్కాలోని పెద్ద నగరం ఆంకొరేజ్ నుంచి సుమారు 465 కిలోమీటర్లు నైరుతిగా విమానంలో కింగ్ సాల్మన్ అనే చిన్న ఊరికి చేరవలెను. అక్కడినుంచి చక్రాలకు బదులు తెప్పలు కట్టిన చిన్న విమానం మనలను ఎక్కించుకొని, ఇరవై నిమిషాలలో సరస్సు నీటి మీద బాతువలె వాలుతుంది. పడవ మీద కూడా పోవచ్చును. మొదటిసారి గైడు లేకుండా పోదలచిన వారికి నేను ఈ శిబిరాన్నే సిఫారసు చేస్తాను. వనరక్షకులు అక్కడ నివాసముంటారు. డేరాలు వేసుకొనే స్థలం చుట్టూ విద్యుత్తీగల కంచె ఉన్నది. ఇక్కడ రెండు మూడు పర్యాయాలు ఆరితేరిన తరువాత, గాలి నింపే తెప్ప మీద రోజుల తరబడి అలగ్నాక్ వంటి నదులలో దిగిపోయే సాహసం గురించి ఆలోచించవచ్చును. అక్కడ రక్షకుడూ ఉండడు, కంచే ఉండదు.

ఇక వేట విధానం. బ్రూక్స్ నదిలో వానపామూ, మాంసపు ముక్కా గుచ్చటానికి వీలులేదు. ఒంటి కొక్కెం ఉన్న కృత్రిమపు ఈగ గాలం మాత్రమే వాడవలెను. మన గాలంలో బరువు కొక్కెం దగ్గర, సీసపు గుండులో ఉంటుంది. విసిరితే ఆ బరువు దారాన్ని లాక్కొని పోతుంది. ఈగ గాలంలో ఇది తలక్రిందులు. ఈకలూ బొచ్చూ చుట్టి ఈగవలెనో పురుగువలెనో తయారు చేసిన ఎరకు బరువే లేదు. బరువంతా లావైన దారంలో ఉన్నది. కర్రను వెనుకకూ ముందుకూ ఊపితే ఆ దారం గాలిలో కొరడావలె విప్పారి, కొసనున్న సన్నని నైలాన్ పోగునూ దాని చివరి ఎరనూ నెమ్మదిగా నీటి మీద వాలుస్తుంది. చెప్పటం తేలిక. మేనల్లుడు పంపిన కర్రతో మా పెరటిలో నేను చేసిన అభ్యాసంలో మొదటి పదిహేను రోజులూ మునగచెట్టే నాకు చిక్కిన చేప. అయినా ఈ అభ్యాసం ఇంటి దగ్గరనే ముగించుకోవలెను. వేల మైళ్ళు పోయి, ఉన్న నాలుగు రోజులూ చిక్కులు విప్పుకుంటూ కూర్చున్నవారిని అక్కడ చూశాను.

ప్రణాళికలో ఎక్కువ బుద్ధిని ఖర్చు పెట్టవలసిన ప్రశ్న ఒకటే: ఏ వారం పోవలెను? దీనికి జవాబు సాల్మన్ జీవితచరిత్రలో ఉన్నది. అక్కడ మనకు కావలసిన చేప నిజానికి సాల్మన్ కాదు. ఒంటి మీద గులాబిరంగు పట్టె, నల్లని చుక్కలు ఉండే రెయిన్‌బో ట్రౌట్. ఇది వసంతంలో గుడ్లు పెడుతుంది గనుక ఆ కాలంలో దాని జోలికి పోకుండా, అక్కడి ట్రౌట్ నదులలో వేటను జూన్ 8 దాకా మూసివేస్తారు. తెరిచిన తొలి రోజులలో సాల్మన్ పిల్లలు సరస్సులు వదలి సముద్రానికి దిగిపోతుంటవి. ట్రౌట్ వాటిని మింగటానికి కాచుకొని ఉంటుంది. అప్పుడు వెండిరంగు చిన్న చేపను పోలిన ఎర కట్టవలెను. జూన్ చివర నుంచి జూలై అంతా సాకై అనే జాతి సాల్మన్ సముద్రం నుంచి దండు కదలి వస్తుంది. సాకై చేపలు ప్రపంచంలో అన్నిటికన్న అధికంగా వచ్చేది ఈ ప్రాంతపు బ్రిస్టల్ అఖాతానికే. నదిలో ప్రవేశించిన సాకై ఆహారం ముట్టదు. ఒడలు ఎర్రబడి, తల ఆకుపచ్చనై, గుడ్లు పెట్టి చనిపోతుంది. జూలైలో ఎలుగులు జలపాతం దగ్గర గుమికూడుతవి. వాటిని చూడవచ్చిన జనమూ అప్పుడే గుమికూడుతుంది. ఆగస్టులో చాలా ఎలుగులు ఇతర వాగులకు పోయి నది కొంత తెరిపిన పడుతుంది. ఆగస్టు చివర, సెప్టెంబరులో గుడ్లు పెట్టి నీరసించిన చేపలు నీటివాలుకు కొట్టుకొని వస్తుంటే, ఎలుగులు వాటి కోసం మళ్ళీ దిగివస్తవి. ట్రౌట్ మొదట సాల్మన్ జనను ఏరుకొని తింటుంది, తరువాత చచ్చిన చేప మాంసపు పీలికలను తింటుంది. అందుచేత అప్పటి ఎరలు రెండే: పగడపు పూసవంటి కృత్రిమపు గుడ్డు, పాలిపోయిన రంగున్న కుందేలు బొచ్చు పీలిక. ఈ విందు వల్ల ఏడాదిలో కెల్ల బలిసిన ట్రౌట్ సెప్టెంబరులో కనబడుతుంది. చలికాలపు నిద్రకు ముందు ఎలుగులు కూడా అప్పుడే బలుస్తవి. వాటిలో ఏది ఎక్కువ బలిసిందో 2014 నుంచి ప్రతి యేటా జనం వోట్లు వేసి నిర్ణయించే వేడుక కూడా ఆ వనంవారు పెట్టారు. మన పందెపు కోళ్ళ కన్న ఇది సాత్వికమైన వినోదం.

నన్నడిగితే కొత్తవారు జూలైని వదలుకోవలెను. ఎలుగుల కోసం నది విడిచి ఒడ్డుకు రావటం, మళ్ళీ దిగటం, దీనితోనే పొద్దు గడిచిపోతుంది. జూన్ రెండవ వారం నెమ్మదైన కాలం. మేము సెప్టెంబరు మొదటి వారం ఎంచుకున్నాము. దురాశ అనండి.

వారం నిశ్చయమైన తరువాత పనులు వరుసగా వస్తవి. డేరా స్థలాలు పరిమితం. ఒక రాత్రికి అరవై మందికే చోటు. జనవరి మొదటి వారంలో కేటాయింపు మొదలవుతుంది, మంచి తేదీలు త్వరగా పోతవి. పదహారేళ్ళు దాటిన పరదేశీయులు చేపల వేటకు లైసెన్సు కొనవలెను. ఒక రోజు మొదలు పద్నాలుగు రోజుల వరకు వేర్వేరు గడువులకు అమ్ముతారు. లైసెన్సుతో పాటు ఆ యేటి నిబంధనల పుస్తకం చదవకపోతే లైసెన్సు కొనీ ప్రయోజనం లేదు. ఏ చేపను ఉంచుకోవచ్చునో, దేనిని తప్పక విడిచిపెట్టవలెనో ఒక్కొక్క నదికి, ఒక్కొక్క మలుపుకు మారుతుంటుంది. గైడు ఉంటే ఇదంతా అతనికి కంఠస్థం. లేడు గనుక మా మేనల్లుడు ఒక చిన్న పుస్తకంలో వ్రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తెప్పల విమానంవారు మనిషినీ సామానునూ తూకం వేస్తారు. ఎంత బరువు అనుమతిస్తారో ముందే వ్రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవలెను. ఎలుగు మీదపడితే చిమ్మే మందు డబ్బా ఒకటి అక్కడ అందరూ మొలకు కట్టుకుంటారు. అందులో ఉండేది మన గుంటూరు మిరపకాయకు ఘాటునిచ్చే పదార్థమే. అయితే పెద్ద ప్రయాణికుల విమానాలలో దానిని చేతిసంచిలో గాని, పెట్టెలో గాని తీసుకుపోరాదు. కింగ్ సాల్మన్‌లో దిగిన తరువాతనే కొనుక్కోవలెను. నదిలో జారకుండా పూర్వం ఉన్ని అడుగులున్న బూట్లు వాడేవారు. తడిసిన ఉన్నిలో పరాయి నదుల సూక్ష్మజీవులు అంటుకొని వస్తవని 2012 నుంచి అలాస్కా మంచినీటిలో వాటిని నిషేధించారు. పాత బూట్లు చౌకగా దొరికినవని మోసుకుపోయేవారు ఈ సంగతి గమనించవలెను.

అక్కడ వేసవిలో కూడా పగటి వేడిమి సామాన్యంగా 10 నుంచి 18 డిగ్రీలు. నీరు అంతకన్న చల్లన. రొమ్ము దాకా వచ్చే, నీరు చొరని తొడుగు వేసుకొని, నడుముకు పటకా బిగించి దిగవలెను. పటకా లేకుండా కాలు జారితే తొడుగులో నీరు నిండి మనిషి లేవలేడు. తడిసినవాడు వణకటం మానివేసి, మాట తడబడి, 'నాకేమీ చలిగా లేదు' అన్నాడంటే అప్పుడే భయపడవలెను. పొడి ఉన్ని బట్టలు ఒక జత నీరు చొరని సంచిలో మూటకట్టి ఎల్లవేళలా దగ్గర ఉంచుకోవలెను. చేతి టెలిఫోన్ల మీద నమ్మకం పెట్టుకోక, ఉపగ్రహం ద్వారా వార్త పంపే చిన్న యంత్రం ఒకటి తీసుకుపోవటం మంచిది. దోమల మాట చెప్పను, కృష్ణాడెల్టాలో పుట్టినవాడికి అవి చుట్టాలే.

ఇంత జాగ్రత్తలోనూ నేను ఒక తప్పు చేశాను. వెళ్ళే తేదీ మీద పెట్టిన శ్రద్ధ తిరిగి వచ్చే తేదీ మీద పెట్టలేదు. తెప్పల విమానం నడిపేవాడు కంటితో చూసి ఎగురుతాడు. సరస్సు మీద పొగమంచు దిగితే అతడు రాడు. అతనిని తప్పుపట్టేవాడు ఆ దేశంలో లేడు. మా తిరుగు ప్రయాణంనాడు మంచు దిగి, ఒకటిన్నర రోజు కదలలేదు. రక్తపు పోటుకు నేను వేసుకొనే మాత్రలను సరిగ్గా రోజుకొకటి చొప్పున లెక్కపెట్టి తెచ్చుకున్నాను. మిగతావి ఆంకొరేజ్‌లో వదిలిన పెట్టెలో ఉన్నవి. ఆ సాయంత్రం మేనల్లుడు తన సంచిలోనుంచి మూడు మాత్రలు తీసి ఇచ్చాడు. మా అక్కయ్యను అడిగి పేరు తెలుసుకొని, బయలుదేరే ముందే నా డబ్బాలోనుంచి మూడు తీసి దాచాడట. "మీకు చెబితే అక్కరలేదంటారు మామయ్యా" అన్నాడు. నిజమే, అనేవాడినే. చివర రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవలెను. మందులు, తిండి ఆ రెండు రోజులకూ సరిపడా కట్టుకోవలెను.

శిబిరంలో దిగిన ప్రతివారూ మొట్టమొదట వనరక్షకులు చెప్పే ఎలుగుబంటి పాఠం వినవలెను. అది వినకుండా ఎక్కడికీ కదలనివ్వరు. ఎలుగుకు కనీసం 50 గజాల దూరంలో ఉండవలెను. అదే మన వైపు వస్తే మనమే తొలగవలెను. పరుగెత్తరాదు. వాసన ఉన్న ఏ వస్తువునూ, పళ్ళు తోముకొనే ముద్దతో సహా, డేరాలో ఉంచరాదు. అందుకోసం కట్టిన గదిలో పెట్టవలెను. తినటం కేటాయించిన చోట్లనే. చేపను ఒడ్డున కోయటం నిషిద్ధం. వారు మా సామాను చూస్తున్నప్పుడు మేనల్లుడు తెచ్చిన ఆవకాయ సీసా బయటపడింది. నాలుగు పొరలు చుట్టినా దాని పరిమళం దాగలేదు. ఆ రక్షకురాలు మూత వాసన చూసి, ఒక్క క్షణం ఊరకున్నది. తరువాత దానిని స్వయంగా తీసుకుపోయి ఆహారపు గదిలో అన్నిటికన్న లోపలి అరలో పెట్టి వచ్చింది.

ఆ పాఠంలో వేటగాళ్ళకు ప్రత్యేకించి చెప్పేది ఒకటి ఉన్నది. గాలానికి తగిలిన చేప నీటి మీద కొట్టుకొనే చప్పుడు ఎలుగుకు భోజనపు గంట. ఒక్కసారి మనిషి గాలం నుంచి చేప లాక్కొని తిన్నదంటే, గాలం పట్టిన ప్రతి మనిషి దగ్గరికీ వస్తుంది. అటువంటి ఎలుగు మనుషులకు ప్రమాదమవుతుంది. ఆ తరువాత మనుషులు దానికి ప్రమాదమవుతారు. అందుచేత ఎలుగు వస్తున్నదంటే వేట ఆపవలెను. చేప తగిలి ఉంటే పోగు తెంచివేయవలెను. దీనికి కూడా ఉపాయం ఇంటి దగ్గరనే చేసుకోవలెను. కొస పోగు మరీ సన్నమైతే చేప చాలాసేపు పోరాడి అలసి, విడిచినా బ్రతకదు. మరీ లావైతే అవసరమప్పుడు తెగదు. కర్రను చేప వైపు సూటిగా దించి, దారాన్ని చేతితో బిగబట్టి వెనుకకు లాగితే తెగవలెను. ఇది ముందే పరీక్షించి చూసుకోవలెను. నేను మునగచెట్టుకు కట్టి పరీక్షించాను.

మూడవనాటి ఉదయం వరకు నాకు రెండే ట్రౌట్లు తగిలినవి, రెండూ చిన్నవి. చేతులు తడుపుకొని, నీటిలో నుంచి ఎత్తకుండానే కొక్కెం ఊడదీసి, తల ప్రవాహానికి ఎదురుగా కాసేపు పట్టుకొని విడిచాను. నాలుగవనాడు మంచు విడిన వేళ, ఎర్రపూసను ఒక నల్లని గుంట మీదుగా కొట్టుకుపోనిచ్చాను. దారం ఆగింది. ఆగి, కదిలింది. ఆ తరువాత నా చేతిలోనున్నది కర్రవలె లేదు. ఆ చేప ఒక్కసారి పైకి ఎగిరింది. మోచేయి నుంచి వ్రేళ్ళ కొస కన్న పొడవు. గులాబిపట్టె ఎండలో నిప్పువలె మెరిసింది. పదకొండు మాసాలుగా నేను ఎదురుచూసిన చేప అది.

"మామయ్యా, ఎలుగు. మీ ఎడమ ప్రక్క ఒడ్డున. పోగు తెంచెయ్యండి" అన్నాడు మేనల్లుడు. గొంతు ఎత్తలేదు.

చూశాను. గడ్డిలో నుంచి ఒక ఎలుగు నీటిలోకి దిగుతున్నది. ఇంకా 70, 80 గజాల దూరం ఉండవచ్చును. అది నన్ను చూడటం లేదు. చేప కొట్టుకుంటున్న చోటునే చూస్తున్నది. ఇంకొక్క నిమిషమైతే చేప ఒడ్డుకు వచ్చేది. దాచటమెందుకు, ఆ నిమిషం కోసం నేను లోపల బేరమాడాను. "ఒక్క క్షణమాగరా" అన్నాను కూడా.

"గైడు ఉంటే ఆగేవాడు కాదు మామయ్యా."

కర్ర దించి, దారం బిగించి లాగాను. మునగచెట్టు దగ్గర తెగినంత సులువుగానే తెగింది. చప్పుడు ఆగిపోయింది. ఎలుగు కొంతసేపు నీటిలో తల వంచి వెదికి, ఏమీ లేక, నది మధ్య నుంచి క్రిందికి నడిచిపోయింది. మేము వెనుకడుగు వేసుకుంటూ ఒడ్డెక్కి, గంటకు పైగా చెట్ల చాటున నిలబడినాము. అది మళ్ళీ పైకి వచ్చి ఆ గుంట ప్రక్కనే పడుకున్నది. ఆ రోజు వేట అంతటితో సరి.

శిబిరానికి వచ్చి, వంటపాకలో అన్నం వండుకొని, ఆహారపు గదిలోనుంచి ఆవకాయ తెచ్చుకున్నాము. ప్రక్కబల్ల మీద కూర్చున్న వృద్ధ దంపతులు అదేమిటని అడిగితే కొంచెం పెట్టాము. ఆయన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, మొలనున్న మిరపమందు డబ్బాను తట్టి చూపించి, రెంటికీ భేదమేమిటని అడిగాడు. మేనల్లుడు జేబులోని చిన్న పుస్తకం తీసి, కొస పోగు లావు, తెగిన తీరు, గుంట ఉన్న చోటు, నాటి తేదీ వ్రాసుకుంటున్నాడు.